చెప్పుకోలేని మంటకు చిన్న పరీక్ష

తలనొప్పి వస్తే ఇంటిల్లిపాదికీ చెబుతుంది ఇల్లాలు. మూత్రంలో మంట వస్తే మాత్రం పక్కనున్న చెల్లెలికి కూడా చెప్పదు. వేడి చేసిందనుకుని గ్లాసు బార్లీ నీళ్లు తాగి సరిపెట్టుకుంటుంది. నీటి కరవుకు మారుపేరైన అనంతపురం సీమలో ఆ మౌనం ఖరీదు మరీ ఎక్కువ. చిన్న సీసాలో పట్టి ఇచ్చే మూత్రంతో తేలిపోయే సంగతి, చెప్పుకోక కిడ్నీల దాకా పోతుంది.

జూలై, ఆగస్టు నెలలు... వేరుశనగ చేలల్లో కలుపు తీసే రోజులు. కూలికి వెళ్లే ఆడవాళ్లు తెల్లవారుజామున చీకటి ఉండగానే ఒకసారి బయటికి వెళ్లొస్తారు. మళ్లీ సాయంత్రం ఇల్లు చేరాకే. మధ్యలో ఎనిమిది, పది గంటలు. గట్టు మీద బిందెలో నీళ్లుంటాయి. మగవాళ్లు చెంబెడు తాగేస్తారు. ఆడవాళ్లు గొంతు తడుపుకుని చెంబు దించేస్తారు. తాగితే లేచి వెళ్లాలి. వెళ్లాలంటే చాటు కావాలి. వేరుశనగ మొక్క చూస్తే అడుగు ఎత్తు మించదు. కనుచూపు మేర చదును నేల. అక్కడో వేపచెట్టు, ఇక్కడో తుమ్మచెట్టు. సాళ్ల మధ్య వేసిన కంది ఏపుగా ఎదిగి మనిషిని దాచేసరికి పంట కాలం సగం దాటిపోతుంది. అందుకే ఆమె దాహాన్నీ ఆపుకుంటుంది, మూత్రాన్నీ ఆపుకుంటుంది.

ఇది పొలానికే పరిమితం కాదు. ధర్మవరంలో మగ్గం ముందు కూర్చునే మహిళ, రాయదుర్గంలో కుట్టు మిషన్ మీద పనిచేసే అమ్మాయి, దొడ్డి శుభ్రంగా లేదని బడిలో సాయంత్రం దాకా బిగబట్టుకునే విద్యార్థిని, దూరపు బస్సు ఎక్కేముందు నీళ్లు మానేసే ఉద్యోగిని... అందరిదీ ఇదే లెక్క.

నీళ్లు ఊరికి వచ్చాయి... గొంతు దిగలేదు

అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తానికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర. రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వర్షం పడే జిల్లాగా దీనికి పేరు. బోర్ల నీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్. 1995లో మొదలైన సత్యసాయి తాగునీటి పథకం ఏడు వందలకు పైగా ఊళ్లకు మంచినీళ్లు తెచ్చింది. పదేళ్ల తర్వాత 2006 ఫిబ్రవరి 2న దేశంలోనే తొలిసారిగా గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదలైందీ ఈ గడ్డమీదే... నార్పల మండలం బండ్లపల్లిలో. పని జరిగేచోట తాగునీరు, పిల్లలకు నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని ఆ చట్టం చెప్పింది. మరుగుదొడ్డి ఊసు మాత్రం ఎత్తలేదు. 2014 తర్వాత ఇళ్లల్లో మరుగుదొడ్లు వచ్చాయి. కానీ పగలంతా మనిషి ఉండేది చేనులో కదా! నీళ్లు ఊళ్లోకి వచ్చినా ఆమె గొంతులోకి దిగకపోవడానికి కారణం ఇదే.

నాలుగు సెంటీమీటర్ల దారి

మగవాళ్లలో మూత్రనాళం పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. ఆడవాళ్లలో నాలుగే. పైగా మలద్వారానికి దగ్గర. పేగుల్లో ఉండే ఇ-కోలి అనే బ్యాక్టీరియాకు మూత్రాశయం దాకా పాకడం సులువు. మూత్రనాళ ఇన్ఫెక్షన్లలో చాలావాటికి కారణం అదే. ఆడవాళ్లలో దాదాపు సగం మందికి జీవితంలో ఒక్కసారైనా ఈ బాధ తప్పదు. ఇది అపరిశుభ్రతకు గుర్తూ కాదు, నడతకు సంబంధించిందీ కాదు. శరీర నిర్మాణమే అంత.

మూత్రం ధారగా పోతుంటే బ్యాక్టీరియా కూడా దానితోపాటే కొట్టుకుపోతుంది. నీళ్లు తాగక, వచ్చింది ఆపుకుంటే అదే మూత్రం బ్యాక్టీరియా పెరగడానికి కుండలా ఉపయోగపడుతుంది. బల్గేరియాలో 140 మంది మహిళలపై జరిపిన పరిశోధన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. వాళ్లంతా తరచూ ఇన్ఫెక్షన్ వచ్చేవాళ్లు, రోజుకు లీటరున్నర కన్నా తక్కువ ద్రవాలు తాగేవాళ్లు. సగం మందిని రోజూ మరో లీటరున్నర నీళ్లు తాగమన్నారు. ఏడాది తిరిగేసరికి తాగినవారిలో ఇన్ఫెక్షన్లు సగటున 1.7 సార్లు, తాగనివారిలో 3.2 సార్లు వచ్చాయి. అంటే ఖర్చులేని నీళ్లే సగం మందు!

గర్భసంచి కాదు... మూత్రాశయం

పొత్తికడుపులో నొప్పి, నడుం లాగడం, మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం. ఇవి చాలాసార్లు మూత్రాశయానికి సంబంధించిన బాధలు. మన పల్లెల్లో మాత్రం ఇవన్నీ గర్భసంచి ఖాతాలోకి వెళ్లిపోతాయి. 2015-16 నాటి నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. అందరిదీ అనవసర ఆపరేషనే అనలేం. కానీ మూత్రపరీక్ష కూడా చేయించకుండా ఆపరేషన్ బల్ల ఎక్కడం మాత్రం తప్పు. గర్భసంచి తీసేసినంత మాత్రాన మూత్రం మంట పోదు. పైగా తర్వాతి కాలంలో దగ్గితే, తుమ్మితే మూత్రం పడే ఇబ్బంది కొంత పెరిగే అవకాశం ఉంది. ఎవరైనా ఆపరేషన్ మాట ఎత్తితే మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే: మూత్రపరీక్షలో ఏం వచ్చింది?

ఎవరికి... ఎప్పుడు... ఏ పరీక్ష?

చెకప్ అనగానే వేలు పోసే ప్యాకేజీలు గుర్తొస్తాయి. ఆడవాళ్ల మూత్ర వ్యవస్థకు అంత హడావిడి అక్కర్లేదు. ఏ దశలో ఏది అవసరమో తెలిస్తే చాలు.

చిన్నపిల్లలు, బడి అమ్మాయిలు: అంతుబట్టని జ్వరం పదేపదే వస్తున్నా, పక్క తడపడం మానిన పిల్ల మళ్లీ మొదలుపెట్టినా మూత్రపరీక్ష చేయించాలి. పిల్లల్లో ఇన్ఫెక్షన్ వెనుక కొన్నిసార్లు పుట్టుకతో వచ్చిన లోపం ఉంటుంది. బడిలో ఆపుకుంటోందేమో అడిగి తెలుసుకోవాలి. మలబద్ధకం లేకుండా చూడాలి.

కొత్తగా పెళ్లైనవారు: ఈ సమయంలో మూత్రాశయ ఇన్ఫెక్షన్ రావడం సహజం. భయపడాల్సిందీ సిగ్గుపడాల్సిందీ లేదు. కలయిక తర్వాత మూత్రానికి వెళ్లిరావడం, నీళ్లు బాగా తాగడం మంచి అలవాట్లు. ఆరు నెలల్లో రెండుసార్లు లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తే మాత్రం అది ‘మళ్లీ మళ్లీ వచ్చే’ జబ్బు కిందికి వస్తుంది. అప్పుడు మూత్రం కల్చర్ తప్పనిసరి. అవసరాన్ని బట్టి డాక్టరు స్కానింగ్ కూడా చేయిస్తారు.

గర్భిణులు: అందరికన్నా ఈ పరీక్ష అవసరం వీళ్లకే ఎక్కువ. గర్భిణుల్లో నూటికి 2 నుంచి 10 మందికి ఏ బాధా లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా ఉంటుంది. వదిలేస్తే కొందరిలో కిడ్నీలకు పాకి చలిజ్వరం రావచ్చు, నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు. అందుకే గర్భిణులకు కల్చర్ పరీక్ష చేయడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాల్లో చెప్పింది. ఇక్కడో మెలిక ఉంది. ఉపకేంద్రంలో ఏఎన్ఎం కాగితపు పట్టీ ముంచి చూసేది ప్రధానంగా ఆల్బుమిన్, చక్కెర. గుర్రపువాతం ముప్పును పసిగట్టడానికి ఆల్బుమిన్ చూడటం ఎంతో అవసరం. కానీ ఇన్ఫెక్షన్ సంగతి ఆ రెంటితో తేలదు. కల్చర్ వేరు. తొలి మూడు, నాలుగు నెలల్లో ఒకసారి అది చేయించమని నోరు తెరిచి అడగాలి.

షుగరు, బీపీ ఉన్నవారు: ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవాలి. కిడ్నీలు సగానికి పైగా దెబ్బతిన్నా పైకి బాధ తెలియకపోవచ్చు. కాళ్ల వాపు, ఆయాసం కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెలు రాష్ట్రానికి నేర్పిన పాఠం కూడా ఇదే: కిడ్నీ జబ్బు చప్పుడు చేయకుండా వస్తుంది.

నలభై దాటినవారు, ముట్లుడిగినవారు: హార్మోన్ తగ్గడంతో అక్కడి పొర పలచబడి పొడిబారుతుంది. ఇన్ఫెక్షన్లు తిరగబెడతాయి. దీనికి ఏళ్ల తరబడి యాంటీబయాటిక్స్ మింగడం పరిష్కారం కాదు. డాక్టరు సలహాతో పైపూతగా వాడే ఈస్ట్రోజెన్ క్రీమ్ చాలామందికి మేలు చేస్తుంది. జారినట్టు, బరువుగా ఉన్నట్టు అనిపించినా దాచుకోకుండా చూపించుకోవాలి.

ఏ వయసువారైనా: మూత్రంలో రక్తం ఒక్కసారి కనిపించినా, నొప్పి లేకపోయినా ఊరుకోకూడదు. నెలసరి అనో, వేడి అనో సర్దిచెప్పుకోవడం వల్లే ఆడవాళ్లలో మూత్రాశయ క్యాన్సర్ ఆలస్యంగా బయటపడుతుంటుంది. ముట్లుడిగినవారు, పొగ తాగే అలవాటున్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి.

అందరికీ అన్నీ అక్కర్లేదు

ఏ బాధా లేని, గర్భవతి కాని స్త్రీకి ఊరికే కల్చర్ చేయించి, అందులో బ్యాక్టీరియా కనిపించిందని మందులు వాడటం వల్ల లాభం లేదు. షుగరు ఉన్నవారికైనా, వృద్ధులకైనా ఇదే వర్తిస్తుంది. అలా వాడితే ఆ మందులకు లొంగని బ్యాక్టీరియాను మనమే పెంచి పోషించినట్టు. మందుల షాపులో అడిగి రెండు మాత్రలు వేసుకుని, మంట తగ్గగానే మానేయడం ఇంకా ప్రమాదం. ఒకప్పుడు రెండు రోజుల్లో నయం చేసిన నార్‌ఫ్లాక్సాసిన్ లాంటి మందులకు మన దేశంలో ఇ-కోలి ఇప్పుడు చాలావరకు లొంగడం లేదు. అందుకే జబ్బు తిరగబెట్టినప్పుడు ముందు కల్చర్‌కు ఇచ్చి, ఆ తర్వాతే మందు మొదలుపెట్టాలి. ఫలితం రావడానికి రెండు, మూడు రోజులు పడుతుంది. ఏ మందు పనిచేస్తుందో అందులోనే రాసి ఉంటుంది. ఆ కాగితం పారేయకుండా దాచుకుంటే వచ్చేసారి డాక్టరుకు దారి చూపుతుంది.

సీసాలో ఎలా పట్టాలి?

సగం పరీక్షలు పాడయ్యేది ఇక్కడే. ల్యాబ్‌లో ఇచ్చిన కొత్త సీసానే వాడాలి. ఇంట్లో మందు సీసా కడిగి తేకూడదు. చేతులు కడుక్కుని, ముందు నుంచి వెనక్కి నీళ్లతో శుభ్రం చేసుకోవాలి. మొదట వచ్చే మూత్రం వదిలేసి, మధ్యలో వచ్చేది పట్టాలి. సీసా లోపలి అంచుకు వేలు తగలకూడదు. గంటలోపు ల్యాబ్‌కు చేర్చాలి. ఊరు దూరమైతే ఆస్పత్రిలోనే పట్టి ఇవ్వడం మేలు. నెలసరిలో ఉంటే ముందే చెప్పాలి. లేకపోతే ఆ రక్తం జబ్బు కింద లెక్కకొస్తుంది.

నవ్వితే... దగ్గితే...

బిందె ఎత్తినా, గట్టిగా నవ్వినా రెండు చుక్కలు పడిపోతాయి. రెండు, మూడు కాన్పులైన వారిలో ఇది మామూలే అనుకుని పెళ్లిళ్లకు, ప్రయాణాలకు దూరమయ్యే ఆడవాళ్లు ఎందరో. మామూలుగా కనిపించేదే కానీ భరించాల్సింది మాత్రం కాదు. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో చెప్పిన వ్యాయామం ఇప్పటికీ మొదటి మందు. మూత్రం, అపానవాయువు ఆపుకునేటప్పుడు బిగించే కండరాలనే బిగించి, ఆరేడు అంకెలు లెక్కపెట్టి వదలాలి. ఒక్కో విడతకు ఎనిమిదిసార్లు, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు. మగ్గం ముందు కూర్చునో, పొయ్యి దగ్గర నిలబడో చేసుకోవచ్చు. ఎవరికీ తెలియదు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపడాన్ని మాత్రం వ్యాయామంగా పెట్టుకోకూడదు. తగ్గకపోతే మూడు రోజులపాటు ఎప్పుడు తాగారు, ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు పడిపోయింది అని ఓ కాగితం మీద రాసి డాక్టరుకు చూపిస్తే సగం నిర్ధారణ అయిపోయినట్టే.

రాళ్ల సీమలో రాళ్ల బాధ

బోరునీళ్ల ఉప్పే కిడ్నీల్లో రాయై పేరుకుంటుందని ఊళ్లల్లో గట్టి నమ్మకం. నీటి గట్టితనం కన్నా తాగే నీళ్లు తక్కువై మూత్రం చిక్కబడటమే అసలు దోషి. ఎండలో పనిచేసేవారి నీరంతా చెమటగా పోతుంది. మూత్రం లేత గడ్డి రంగులో ఉందంటే నీళ్లు సరిపోయినట్టు. ముదురు పసుపులో ఉందంటే చాలనట్టు. రాయి ఒకసారి వచ్చినవారు రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా తాగాలి. ఉప్పు, ఊరగాయలు తగ్గించాలి. పాలు, పెరుగు మానేయడం పొరపాటు. ఆహారంలో కాల్షియం తగినంత ఉంటేనే రాళ్ల ముప్పు తగ్గుతుంది. ఆక్సలేట్ రాళ్లు తిరగబెట్టేవారు పాలకూర, వేరుశనగ మితంగా తింటే మంచిది. గుండె, కిడ్నీ జబ్బున్నవారు ఎంత నీరు తాగాలో డాక్టరునే అడగాలి.

మరో హెచ్చరిక... కలుపు తీసి వచ్చి నడుంనొప్పికి వేసుకునే నొప్పి మాత్ర. ఒంట్లో నీరు ఇంకిపోయి ఉన్నప్పుడు ఆ మాత్రలు కిడ్నీల మీద దెబ్బకొడతాయి. రోజూ మింగే అలవాటున్నవారు ఏడాదికోసారి క్రియాటినిన్ చూపించుకోవాలి. అసలు ఆ అలవాటే మానుకోవాలి.

ఎక్కడికి వెళ్లాలి?

యూరాలజిస్టు అంటే మగవాళ్ల డాక్టరనే అపోహ చాలామందిలో ఉంది. ఆడవాళ్ల మూత్రాశయం, మూత్రనాళం, కిడ్నీ రాళ్లు కూడా వాళ్ల పరిధిలోవే. కిడ్నీ పనితీరు తగ్గితే చూసేది నెఫ్రాలజిస్టు. అయితే మొదటి అడుగుకు వీళ్లిద్దరూ అక్కర్లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మూత్రపరీక్ష, బీపీ, షుగరు చూస్తారు. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు. ఆ రోజే కల్చర్ సంగతి అడగవచ్చు. కల్చర్, స్కానింగ్ లాంటివాటికి అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి ఉంది. 2022లో వేరుపడిన శ్రీసత్యసాయి జిల్లాలోని పుట్టపర్తిలో 1991 నుంచి ఉచితంగా సేవలందిస్తున్న సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రిలో యూరాలజీ విభాగం ఉంది.

ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న తొలుత మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. కిడ్నీ రాళ్ల ఆపరేషన్‌కు దాని కార్డు పనికొస్తుంది. కానీ ఆపరేషన్ దాకా రాకుండా చూసే మూత్రపరీక్షకు కార్డు కన్నా ముందు కావాల్సింది ధైర్యం.

ఇవి ఉంటే మాత్రం రేపటికి వాయిదా వేయకూడదు: చలితో జ్వరం, వీపు పక్కన డొక్కలో నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం, మూత్రం పూర్తిగా బంద్ కావడం, గర్భిణికి మంట. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

ఇంటివాళ్ల వంతు

ఈ జబ్బు ఆడవాళ్లదే అయినా, నివారణలో మగవాళ్ల పాత్ర తక్కువేమీ కాదు. చేలో ఓ మూలన నాలుగు కర్రలు పాతి, చుట్టూ పాత గోనెపట్టాలు కట్టి, లోపల ఓ బిందె నీళ్లు పెట్టడానికి రైతుకు పట్టేది అరగంట. కూలికి వచ్చిన పదిమంది ఆడవాళ్లు ఆ రోజు కడుపునిండా నీళ్లు తాగుతారు. మగ్గాల షెడ్డులోనైనా, కుట్టు యూనిట్‌లోనైనా గొళ్లెం పడే ఒక తలుపు, నీళ్లొచ్చే ఒక కొళాయి చాలు. ఇంట్లో అయితే అంతకన్నా చిన్న పని. కూతురు బడి నుంచి రాగానే పరుగున దొడ్లోకి వెళ్తోందంటే తల్లి ఎందుకని అడగాలి. భార్య నీళ్ల చెంబు సగంలో దించేస్తోందంటే భర్త ఎందుకని అడగాలి. మంట అన్న ఒక్క మాట ఆమె నోటి నుంచి రావాలంటే ముందు ఎవరో ఒకరు అడగాలి.